ఖుర్ఆన్ సందేశం "అందరికీ" అంటే ఈ కాలంలో ఎలా అర్థం చేసుకోవాలి?

నూర్_కర్నూలు
అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్తే. మేం కొంతమందిమి ఆదివారాలు కూర్చుని తెలుగులో ఖుర్ఆన్ చదువుకుంటాం, పెద్ద ఆలిములెవరూ (మత పండితులు) లేరు, దుకాణాలోళ్ళు, టీచర్లు, కాలేజీ పిల్లలు అంతే. ఈ మధ్య సూరా సబా (34వ అధ్యాయం) చదువుతుంటే 34:28, అంటే దాని 28వ ఆయత్ (వాక్యం) వచ్చింది, ప్రవక్త ముహమ్మద్ (స)ను మానవులందరి కోసం పంపామని అల్లాహ్ చెప్పే ఆయత్. డిగ్రీ చదివే పిల్లోడు ఒకడు వెంటనే 42:7 తీసి చూపించినాడు, అందులో మక్కా వాళ్ళను, దాని చుట్టుపక్కల వాళ్ళను హెచ్చరించడానికి అరబీ ఖుర్ఆన్ పంపామని ఉంది. ఇంకా 14:4లో ఏ ప్రవక్తనైనా తన జాతి భాషలోనే పంపామని ఉంది. మరి ఇది అరబ్బులకు అరబీలో వచ్చిన మాట కదా, తెలుగోళ్ళం మనం ఇందులో ఎక్కడున్నాం అని అడిగినాడు. ప్రశ్న మంచిదే, ఎవరూ కోప్పడలేదు, కానీ జవాబు మాత్రం తలా ఒకటి చెప్పినారు.

నా మట్టుకు నాకు అనిపించేది ఏందంటే, అందరికీ వచ్చిన సందేశం అన్నప్పుడు మనం ఎక్కువగా అందరూ మన లెక్కలోకి రావాల అనే కోణంలోనే మాట్లాడుకుంటాం. ఈ మాట ఎవరినైనా నిలదీస్తుంది, ముందు చదివేవాణ్ణే నిలదీస్తుంది అనే సంగతి తక్కువ మాట్లాడుకుంటాం. తెలిసినోళ్ళు చెప్పండి, ఆయత్ నంబర్లతో చెప్తే ఇంకా మంచిది.

అబూ_హారిస్
వ అలైకుముస్సలాం నూర్ భాయ్. ఆ పిల్లవాడికి నా దుఆలు (ప్రార్థనలు, దీవెనలు) చెప్పండి, చదివేవాడికే ఇలాంటి ప్రశ్నలు వస్తాయి.

ముందు 42:7 సంగతి. అది హద్దు గీసే ఆయత్ కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆయత్. 26:214లో దగ్గరి బంధువుల్ని హెచ్చరించమని ఉంది, అంతమాత్రాన ప్రవక్త (స) చుట్టాలకే పరిమితం అని ఎవరూ అనరు కదా. ముందు ఇల్లు, తర్వాత ఊరు, తర్వాత లోకం. ఇంకో ముఖ్యమైన విషయం, కొందరు పాశ్చాత్య పండితులు ఏమని రాశారంటే మొదట్లో ఆయన అరబ్బుల గురించే ఆలోచించారు, మక్కా వదిలి మదీనా చేరి బలం పెరిగాక లోకమంతా అనే మాట వచ్చింది అని. కానీ 81:27 చూడండి, ఇది సర్వలోకాలకూ ఉపదేశం అంటుంది. 68:52 కూడా అదే అంటుంది. ఈ రెండు సూరాలూ మక్కాలో తొలి రోజుల్లో దిగినవి, అప్పటికి వెంట ఉన్నది గుప్పెడు మంది, వాళ్ళలోనూ చాలామంది బానిసలు, బీదలు. సొంత ఊళ్ళో నిలబడే చోటు లేని రోజుల్లో వచ్చిన మాట అది, బలం చూసుకుని అన్న మాట కాదు. 7:158, 34:28 కూడా మక్కావే.

ఆచరణలో చూసినా హబషా (ఇథియోపియా) మూలాలున్న బిలాల్, పర్షియా నుంచి సల్మాన్, రోము సామ్రాజ్యంలో పెరిగిన సుహైబ్ (రజి), అందరూ మొదటి తరంలోనే ఉన్నారు. మక్కా వాళ్ళతో చేసుకున్న హుదైబియా ఒప్పందం తర్వాత, అంటే 628 ప్రాంతంలో, రోము చక్రవర్తి హిరక్ల్‌కి పంపిన లేఖలో 3:64 రాయించినట్టు బుఖారీ సేకరించిన హదీసులో (ప్రవక్త మాటలు, పనుల కథనంలో) ఉంది. మాకూ మీకూ సమానమైన ఒక మాట దగ్గరికి రండి అని పిలిచే ఆయత్ అది.

14:4 అయితే నా దృష్టిలో మీ ప్రశ్నకి అడ్డు కాదు, అదే జవాబు. మాట జనానికి అర్థం కావాలి, అందుకే వాళ్ళ భాష. అలా చూస్తే తెలుగులో చదవడం, చెప్పడం ఆ ఆయత్ ప్రకారం నడవడమే.

కృష్ణతీరం
నమస్కారమండీ. నేను హిందువుని, విజయవాడ. ఈ మధ్యే ఖుర్ఆన్ తెలుగు అనువాదం చదవడం మొదలెట్టాను. అడగాలా వద్దా అని ఆలోచించి అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. సందేశం అందరికీ అన్నారు బాగుంది, 49:13 చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది, ఒకే స్త్రీ పురుషుల నుంచి పుట్టించాం, ఒకరినొకరు తెలుసుకోవడానికే జాతులుగా చేశాం అని. కానీ 3:85 దగ్గరికొచ్చి ఆగిపోయాను, ఇస్లాం కాకుండా వేరే ధర్మం కోరుకుంటే అది అంగీకరించబడదు అని ఉంది. అందరికీ అంటే అందరూ ముస్లింలు అవ్వాలి, అవ్వకపోతే నరకం, ఇంతేనా? మా పక్కింటి బీబీజాన్ పిన్ని మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రంతా హాస్పిటల్ మెట్ల మీద కూర్చుంది, మా అమ్మ కోసం ఏడుస్తా దుఆ చేసింది, ఆవిడ మనసులో మా అమ్మ నరకానికి పోయే మనిషి అని ఉందంటే నేను నమ్మలేను. పుస్తకం ఒకటి చెప్తోందా, మనుషులు ఒకటి నమ్ముతున్నారా, తెలుసుకోవాలని ఉంది.

పాతపుస్తకం_హైదరాబాద్
కృష్ణతీరం గారూ, మీరు అడిగిన ప్రశ్న మీదే మన దేశంలో ఒక పెద్దమనిషి జీవితంలో చాలా భాగం పెట్టాడు. మౌలానా అబుల్ కలాం ఆజాద్. స్కూల్ పుస్తకాల్లో మొదటి విద్యామంత్రి అని ఒక లైను రాసి వదిలేస్తారు గానీ ఆయన అసలు పని తర్జుమానుల్ ఖుర్ఆన్, అంటే ఖుర్ఆన్‌కి ఉర్దూ అనువాదం, వ్యాఖ్యానం. బ్రిటిష్ వాళ్ళు 1916లో ఆయన్ని కలకత్తా నుంచి వెళ్ళగొడితే రాంచీలో నిర్బంధంలో ఉన్నాడు, రాసిన కాగితాలు పోలీసులు పట్టుకుపోయారు, మళ్ళీ రాశాడు, జైళ్ళ మధ్యలో రాశాడు, మొదటి భాగం 1930ల మొదట్లో గానీ బయటికి రాలేదు.

ఆ పుస్తకం అంకితం ఒక్కటి చదివినా చాలు. 1918 చివర్లో రాంచీలో ఇషా (రాత్రి) నమాజు అయ్యాక మసీదు నుంచి బయటికొస్తుంటే వెనకాల ఎవరో వస్తున్నట్టు అనిపించి తిరిగి చూస్తే కంబళి కప్పుకున్న మనిషి. ఎక్కడి నుంచి అంటే సరిహద్దు అవతల నుంచి అన్నాడు. కాందహార్ నుంచి క్వెట్టా దాకా నడిచొచ్చాడు, అక్కడ వ్యాపారులెవరో నౌకరుగా పెట్టుకుని ఆగ్రా దాకా తెచ్చారు, ఆగ్రా నుంచి రాంచీకి మళ్ళీ నడకే. ఎందుకయ్యా ఇంత కష్టం అంటే ఖుర్ఆన్‌లో కొన్ని చోట్లు అర్థం చేసుకుందామని, మీ అల్ హిలాల్ పత్రిక అక్షరం అక్షరం చదివాను అన్నాడట. కొన్నాళ్ళుండి చెప్పకుండా వెళ్ళిపోయాడు, తిరుగు ఖర్చుకి డబ్బులిస్తారేమో, ఆ భారం పెట్టకూడదని. పేరు గుర్తులేదు, గుర్తుంటే ఈ పుస్తకం అతని పేరునే అంకితం ఇచ్చేవాణ్ణి అని ఆజాద్ రాశాడు.

ఇక విషయం. ఖుర్ఆన్ మొదటి అధ్యాయం ఫాతిహా సూరా వ్యాఖ్యానంలో ఆజాద్ మొదట పట్టుకునేది రబ్బిల్ ఆలమీన్. దేవుడు సర్వలోకాలనీ సాకేవాడు, ఒక జాతినో ఒక మతాన్నో సాకేవాడు కాదు. అక్కడి నుంచి ఆయన దీన్ వేరు, షరీయత్ వేరు అని చెప్తాడు. దీన్ అంటే ఒక్క దేవుణ్ణి కొలవడం, మంచిగా బతకడం, ఇది నూహ్ నుంచి ముహమ్మద్ (స) దాకా ఒక్కటే. షరీయత్ అంటే ఆరాధన పద్ధతులు, చట్టాలు, కాలాన్ని బట్టి జాతిని బట్టి మారాయి. దీనికి ఆధారం 5:48, మీలో ప్రతి ఒక్కరికీ ఒక చట్టం ఒక దారి పెట్టాం, అల్లాహ్ తల్చుకుంటే మిమ్మల్ని ఒకే సమాజంగా చేసేవాడు, కాబట్టి మంచి పనుల్లో పోటీ పడండి అని ఉంది.

3:85 చదివే ముందు 3:84 చదవండి. ఇబ్రాహీం, ఇస్మాయీల్, ఇస్‌హాక్, యాఖూబ్, మూసా, ఈసా, వీళ్ళందరికీ వచ్చినదాన్ని నమ్ముతున్నాం, వాళ్ళలో ఎవరి మధ్యా తేడా చూపించం అని చెప్పి, ఆ వెంటనే ఈ ఇస్లాం కాక వేరేది ఒప్పుకోబడదు అంటుంది. అంటే అక్కడ చెప్పేది ఆ ప్రవక్తలందరి దారి గురించి, జనాభా లెక్కల్లో రాసే మతం గురించి కాదు. 2:111, 112 కూడా కలిపి చూడండి, మా గుంపువాళ్ళే స్వర్గానికి పోతారు అని యూదులూ క్రైస్తవులూ అంటే అవి వాళ్ళ కోరికలు మాత్రమే అని తోసేస్తుంది, తనని తాను దేవుడికి అప్పగించుకుని మంచి చేసేవాడికి ప్రతిఫలం ఉందంటుంది. 4:123 ఇంకా సూటిగా, మీ కోరికల వల్లా కాదు గ్రంథ ప్రజల కోరికల వల్లా కాదు, చెడు చేసినవాడు దాని ఫలితం అనుభవిస్తాడు అని ముస్లింలతోనే అంటుంది. గుంపు కట్టుకుని మోక్షం మాదే అనడమే అసలు జబ్బు అని ఆజాద్ వాదన, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అబూ_హారిస్
ఆజాద్ గారంటే నాకూ గౌరవమే, కానీ సగం చెప్తే అన్యాయం అవుతుంది. ఆ వ్యాఖ్యానం వచ్చినప్పుడే అయితే ప్రవక్త (స)ను నమ్మక్కర్లేదా అని చాలామంది అడిగారు, నేను అలా అనలేదు, ప్రవక్తలందర్నీ నమ్మడం దీన్‌లో భాగమే అని ఆయన తర్వాత ఉత్తరాల్లో వివరించారు. 4:150, 151లో కొందర్ని నమ్ముతాం కొందర్ని నమ్మం అనడం గురించి గట్టిగానే ఉంది. కాబట్టి అన్నీ ఒకటే, ఏదైనా పర్లేదు అనే మాట ఖుర్ఆన్ నుంచి తీయడం కుదరదు. సందేశం అందరికీ అంటే అది అందిన మనిషికి దాని గురించి బాధ్యత కూడా ఉంటుంది. నేను నమ్మేది ఇదే, కృష్ణతీరం గారి దగ్గర దాచి మాట్లాడటం మర్యాద కాదు.

అయితే నరకం ఎవరికి అనేది మనం పంచిపెట్టే విషయం కాదు. ఈ మాట ఈ కాలం వాళ్ళు మొహమాటానికి కొత్తగా చెప్తున్నది కూడా కాదు. ఇమాం గజాలీ 1111లో చనిపోయారు, ఆయన ఫైసలుత్ తఫ్రిఖా అనే పుస్తకంలో ప్రవక్త (స)ను నమ్మనివాళ్ళని మూడు రకాలుగా చెప్పారు. అసలు పేరే విననివాళ్ళు ఒకరు, వాళ్ళకి క్షమ. పేరూ గుణాలూ అన్నీ తెలిసి, కళ్ళ ముందు చూసి కూడా మొండిగా కాదన్నవాళ్ళు ఒకరు, బాధ్యత వాళ్ళది. మధ్యలో ఇంకొకరు, పేరు విన్నారు కానీ చిన్నప్పటి నుంచీ అబద్ధాలే విన్నారు, వాళ్ళు కూడా విననివాళ్ళతో సమానమే, వాళ్ళకీ క్షమ. తన కాలంలోని రోము క్రైస్తవుల్లో, తురుష్కుల్లో ఎక్కువమందిని అల్లాహ్ కారుణ్యం కమ్ముకుంటుందని ఆయన రాశారు, అది కూడా యుద్ధాలు నడుస్తున్న కాలంలో.

బీబీజాన్ అమ్మ గారు చేసింది సరిగ్గా చేశారు. రోగం తగ్గాలని ఎవరి కోసమైనా దుఆ చేయొచ్చు.

రజియా_టీచర్
సలాం అందరికీ. గజాలీ చెప్పిన ఆ మధ్య రకం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇవాళ అసలు సంగతి అక్కడే ఉంది. మన పొరుగువాళ్ళకి ఇస్లాం గురించి ఎక్కడి నుంచి తెలుస్తోంది? టీవీ డిబేట్ల నుంచి, వాట్సాప్ ఫార్వర్డుల నుంచి, ఎక్కడో ఎవడో పేల్చిన బాంబు నుంచి, ఇంకా మన ప్రవర్తన నుంచి. అంటే సందేశం అందింది అనే మాట మనం అంత తేలిగ్గా అనలేం. అవతలివాళ్ళు వినలేదు అని వేలు చూపించే ముందు వాళ్ళకి చేరింది ఏంటో చూసుకోవాలి, ఆ బాధ్యతలో పెద్ద వాటా మనదే.

ఇంకొకటి. అందరికీ, అన్ని కాలాలకీ అన్నప్పుడు ఏడో శతాబ్దం అరేబియాలో ఒక సంఘటనకి వచ్చిన హుకుమ్‌ని ఇవాళ ఎలా తీసుకోవాలి అనేది కూడా ఈ చర్చలో భాగమే. ఫజ్లుర్ రహ్మాన్ అనే పండితుడు, పాకిస్తాన్‌లో వ్యతిరేకత తట్టుకోలేక 1968లో పదవి వదిలి తర్వాత షికాగోలో పాఠాలు చెప్పారు, 1988లో పోయారు, ఆయన ఒక పద్ధతి చెప్పారు. ముందు వెనక్కి వెళ్ళు, ఆ ఆయత్ ఏ పరిస్థితిలో వచ్చింది, ఏ అన్యాయాన్ని సరిచేయడానికి వచ్చింది చూడు. అందులో నుంచి మూల సూత్రం పట్టుకో. ఆ సూత్రంతో ఇప్పటికి తిరిగి వచ్చి మన పరిస్థితిలో అది ఏం అడుగుతోందో చూడు.

నేను పిల్లలకి బానిసత్వం తీసుకుని చెప్తాను. ఖుర్ఆన్‌లో బానిసల ప్రస్తావన ఉంది, దాన్ని చూసి బానిసత్వం ఎప్పటికీ ఉండొచ్చు అనొచ్చా? 90:13 బానిసని విడిపించడమే ఆ కష్టమైన ఎత్తు దారి అంటుంది, 9:60లో జకాత్ (తప్పనిసరి దానం) డబ్బులో బానిస విడుదలకి వాటా పెట్టింది, 24:33లో విడుదల పత్రం అడిగితే రాసివ్వండి, మీ డబ్బులోంచి కూడా ఇవ్వండి అంది. ఆయత్‌లు ఎటువైపు నడుస్తున్నాయో కనపడుతూనే ఉంది. ఆ నడక పట్టుకున్నవాడు ఇవాళ ఇటుక బట్టీల్లో అప్పు కింద కట్టిపడేసిన కుటుంబాల దగ్గరికి వెళ్తాడు. ఆ ఆయత్ వాళ్ళ కోసం కూడా వచ్చింది, నేను సందేశం అందరికీ అనే మాటని ఇలాగే అర్థం చేసుకుంటాను.

నూర్ భాయ్, 42:7 చూపించిన పిల్లాడికి అదే సూరాలో 42:13, 42:15 కూడా చూపించండి. నూహ్‌కి, ఇబ్రాహీంకి, మూసాకి, ఈసాకి ఆదేశించినదే నీకూ, దాన్ని నిలబెట్టండి, చీలిపోకండి అని ఒకటి. మా పనులు మాకు, మీ పనులు మీకు, మన మధ్య తగవు లేదు, అల్లాహ్ మనందర్నీ ఒకచోట చేరుస్తాడు అని ఇంకోటి.

సలీం_నిజామాబాద్
రజియా మేడం చెప్పింది మంచిగుంది గని ఒక డౌటు. సూత్రం పట్టుకో అంటే ఎవరికి ఇష్టమొచ్చిన సూత్రం వాళ్ళు పట్టుకుంటరు కదా. సూడాన్‌ల మహమూద్ ముహమ్మద్ తాహా అని ఒకాయన మక్కా ఆయత్‌లే అందరికీ ఎప్పటికీ, మదీనా చట్టాలు ఆ కాలానికే అన్నడు. ఆయనను 1985 జనవరిల ఖార్తూమ్ జైల్ల ఉరి తీసిన్రు. ఉరి తియ్యడం ఘోరం, డెబ్బై దాటిన ముసలాయన, పుస్తకానికి పుస్తకంతోనే జవాబు చెప్పాలె, నాకు దాంట్ల రెండో మాట లేదు. కానీ ఆయన వాదన నేను ఒప్పుకోను. మదీనా సూరాలు పక్కకు పెడితే 49:13 కూడా పోతది, అది మదీనాదే. 5:48 మదీనాదే. ఇండ్లు, పెండ్లిళ్ళు, అప్పులు, సాక్ష్యాలు, పక్కోనితోని ఎట్ల బతకాలె అన్నది మదీనాలనే వచ్చింది. ప్రవక్త (స) ఆడి తెగలతోని చేసుకున్న మదీనా ఒప్పందం చదువున్రి, యూదుల ధర్మం యూదులకు, ముస్లింల ధర్మం ముస్లింలకు అని రాసుకున్నరు. దాని మీద పుస్తకం రాసిన డాక్టర్ హమీదుల్లా సాబ్ మన హైదరాబాదాయనే, ఉస్మానియాల చదివిండు.

షార్జా_సుభాన్
నేను చదువుకున్నోణ్ణి కాదన్నా, కరీంనగర్ దిక్కు మాది, ఇక్కడ ఏసీ పని చేస్త. శుక్రవారం మా క్యాంపు దగ్గర మసీదుల నా ఒకపక్క పెషావర్ డ్రైవరు, ఇంకోపక్క చిట్టగాంగ్ పిలగాడు, ముందట ఆఫ్రికా ఆయన, మడిమెకు మడిమె కలిపి నిలబడ్తం, ఆడ అందరికీ వచ్చిన దీన్ అంటే ఏందో నాకు కండ్లకు కనవడ్తది. ఎవరూ చెప్పక్కర్లేదు. గని బయటికొచ్చినంక ఒకటే పనికి ఒక్కో పాస్‌పోర్టుకు ఒక్కో జీతం. మా మేస్త్రీ నమాజుల నా పక్కనే ఉంటడు, జీతం కాడ మాత్రం ఇండియా రేటు, ఫిలిప్పీన్ రేటు అని మాట్లాడ్తడు. ఆఖరి హజ్జుల ప్రవక్త (స) అరబ్బుకు అరబ్బు కానోనిమీద గొప్ప లేదని చెప్పిండ్రు కదా, అది సఫ్‌ల (నమాజు వరసల) నిలబడేటందుకే చెప్పలే అని నా బాధ.

కృష్ణతీరం
అబూ హారిస్ గారూ, దాచకుండా చెప్పినందుకు మీ మీద గౌరవం పెరిగింది. మనిద్దరం ఒకటే అనుకోకపోయినా పర్లేదు. ఇంకొక్కటి అడుగుతా. 35:24లో హెచ్చరించేవాడు రాని సమాజమే లేదు అని ఉంది, 10:47లో కూడా. మరి మన దేశానికి ఎవరొచ్చారు? దీని గురించి ముస్లిం పెద్దలు ఎవరైనా ఆలోచించారా?

పాతపుస్తకం_హైదరాబాద్
ఆలోచించారండీ. ఢిల్లీలో మీర్జా మజ్హర్ జానె జానాన్ అని 18వ శతాబ్దపు నక్ష్‌బందీ శాఖ సూఫీ, షరీయత్ విషయంలో గట్టి మనిషి. ఆయన ఒక ఉత్తరంలో ఈ 35:24 ఆధారంగానే హిందూస్తాన్‌కి కూడా ప్రవక్తలు వచ్చి ఉంటారు, వేదాలు దైవం నుంచి వచ్చినవే అని రాశారు. అంతకు ముందు మొగల్ యువరాజు దారా షికో 1657లో ఉపనిషత్తుల్ని ఫార్సీలోకి తెచ్చి, ఖుర్ఆన్ 56:78లో చెప్పిన దాచి ఉంచిన గ్రంథం ఇదే అన్నాడు. దారా చెప్పింది ఎక్కువమంది ఆలిములు ఒప్పుకోరు, నాకూ అది దూకుడే అనిపిస్తుంది. కానీ 40:78లో కొందరి ప్రవక్తల కథలు నీకు చెప్పాం, కొందరివి చెప్పలేదు అని ఖుర్ఆనే ఆ తలుపు తెరిచి పెట్టింది. ఫలానా ఆయన ప్రవక్త అని పేరు పెట్టి చెప్పలేం, రాలేదు అనీ చెప్పలేం.

మన వైపు నుంచి కూడా చేతులు చాపారు. ఖుర్ఆన్‌ని మొట్టమొదట తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు, బ్రాహ్మణ పండితుడు, అనంతపురంలో కాలేజీ పంతులు. అదే కాలంలో హైదరాబాద్‌లో కొలువు చేస్తున్న పిక్తాల్ అనే ఇంగ్లీషాయనకి నిజాం సెలవిచ్చి మరీ ఇంగ్లీష్ అనువాదం పూర్తి చేయించాడు, 1930లో వచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతున్నారు.

నూర్బాషా_బిడ్డ
అందరూ చాలా పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నేను ఇంట్లో విషయం మాట్లాడతా. మేం దూదేకులోళ్ళం, గుంటూరు జిల్లా. మాకు ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే, తాతల కాలంలో దూది ఏకేవాళ్ళు. 49:13 ప్రతి మీటింగులో చదువుతారు, హిందువులొచ్చిన ఈద్ మిలాప్‌లో అయితే మైకులో రెండు సార్లు చదువుతారు, మా దాంట్లో కులం లేదు అంటారు. మా అక్క ఎంఎస్సీ, నమాజు తప్పదు, మొన్న ఒక సంబంధం అన్నీ కుదిరాక మీరు షేకులా సయ్యదులా అని అడిగి, నూర్బాషా అనగానే మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఇంకొకళ్ళు మొహమ్మీదే అన్నారు, మీరు సగం ముస్లింలు కదమ్మా అని. బీసీ సర్టిఫికెట్ దగ్గర అందరికీ మా కులం గుర్తుంటది, సఫ్‌లో నిలబడ్డప్పుడు మాత్రం కులం లేదంటారు. కృష్ణతీరం గారికి మనం అందరిదీ అని చెప్పే సందేశం మా అక్క దాకా ఎందుకు రాలేదో ముందు ఎవరైనా చెప్పండి.

అబూ_హారిస్
చెల్లెమ్మా, ఈ ప్రశ్నకి తప్పించుకునే జవాబు ఇవ్వను. పెళ్ళిలో సమానత్వం, కఫాఅత్ అంటారు, దాని పేరు చెప్పి హనఫీ న్యాయ సంప్రదాయం పుస్తకాల్లో వంశం, వృత్తి లెక్కలోకి తీసుకున్న మాట నిజం. మన దేశంలో దాన్ని పట్టుకునే సయ్యద్, షేక్, పఠాన్, ఆ తర్వాత మిగతావాళ్ళు అనే నిచ్చెన కట్టారు. కానీ ఇంకో న్యాయ సంప్రదాయానికి మూలమైన ఇమాం మాలిక్ దగ్గర కఫాఅత్ అంటే దీన్‌లో సమానత్వమే, వంశం కాదు. ఇంకా పైకి వెళ్తే సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది, ఫాతిమా బిన్తె ఖైస్ అనే ఖురైషీ (మక్కాలో పేరున్న తెగ) స్త్రీకి ముఆవియా, అబూ జహ్మ్ ఇద్దరి సంబంధాలూ వచ్చాయి, ప్రవక్త (స) ఆ ఇద్దర్నీ కాదని విముక్త బానిస కొడుకు ఉసామాని చేసుకోమన్నారు, ఆవిడకి మొదట ఇష్టం లేకపోయినా చేసుకుని సుఖపడ్డానని ఆవిడే చెప్పారు. 49:13 ఏ సందర్భంలో దిగిందో చెప్పే కథనాల్లో ఒకటి ఖుర్తుబీ తఫ్సీర్‌లో (ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో) ఉంది. అబూ హింద్ అనే ఆయన రక్తం తీసే వైద్యం చేసేవాడు, ఆయనకి పిల్లనివ్వమని ప్రవక్త (స) ఒక తెగకి చెప్తే మా పిల్లల్ని మా మవాలీలకి (విముక్త బానిసలకి) ఇవ్వాలా అన్నారు, అప్పుడు వచ్చింది అని. ఆ కథనం ప్రకారం ఆ ఆయత్ పెళ్ళి సంబంధం దగ్గరే దిగింది, మీ అక్క విషయం లాంటి దాంట్లోనే.

రజియా_టీచర్
ఆయత్ వెనక్కి వెళ్ళి చూడమన్నది ఇందుకే. ఈ కథనం తెలిసినవాడు 49:13ని మైకులో చదివి, ఇంటికొచ్చి వంశం అడగలేడు. అబూ హారిస్ భాయ్, ఇది జుమా (శుక్రవారం నమాజు) ఖుత్బాలో, అంటే ప్రసంగంలో చెప్పండి, ఈద్ మిలాప్‌లో కాదు, బయటివాళ్ళెవరూ లేని మామూలు జుమాలో చెప్పండి.

నూర్బాషా_బిడ్డ
ఉర్దూలో కాదు, తెలుగులో చెప్పండి భాయ్. మా నాన్న జుమాకి పోతాడు, ఖుత్బా సగం అర్థం కాక తలొంచుకుని కూర్చుని వస్తాడు. పెళ్ళిళ్ళ పెద్దలు ముందు వరసలో ఉండే రోజు చూసి చెప్పండి.

అబూ_హారిస్
ఇన్షా అల్లాహ్, వచ్చే జుమాకి. అరబీ ఖుత్బాకి ముందు చెప్పే బయాన్ తెలుగులోనే పెడతాను. ఫాతిమా బిన్తె ఖైస్ హదీసు, అబూ హింద్ కథనం రెండూ అందులో ఉంటాయి, దూదేకుల పేరు ఎత్తే చెప్తాను, పైపైన చెప్తే ఎవరికీ తగలదు. రాసింది గురువారం ఇక్కడ పెడతా, చెల్లెమ్మా మీరూ చూసి భాష ఎక్కడైనా బరువుగా ఉంటే మార్చండి.